ముడి వేసిన దుప్పటి

దుప్పటి బకెట్టులో మునిగింది. మధ్యలో గాలి చేరి బుడగలా పైకి తేలుతుంటే అరచేత్తో అణిచి పట్టుకున్నాను. కుళాయి పూర్తిగా తిప్పితే గోడలోని గొట్టం మూలుగుతుంది, అది మూలిగిందంటే అవతలి గదిలో కోడలు లేస్తుంది, అందుకని సన్నటి ధార వదిలి బకెట్టు అంచు మీదుగా జారనిస్తున్నాను. చప్పుడు లేకుండా నిండాలంటే చాలాసేపు పడుతుంది. పట్టనీ. చన్నీళ్లు. ముందెప్పుడూ చన్నీళ్లే. తొందరపడి వేడినీళ్లు పోశావా, వాసన నూలులోకి దూరి అక్కడే కాపురం పెడుతుంది, ఆ తర్వాత ఎంత సబ్బు రుద్దినా ఖాళీ చేసి పోదు. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు ఈ మాట చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. కొత్తగా పనిలో చేరిన ప్రతి పిల్లకీ చెప్పేదాన్ని, మొదట చన్నీళ్లు, పిండు, మళ్లీ చన్నీళ్లు, అప్పుడు వేడి. చన్నీళ్ల పెద్దమ్మ అని పేరు పెట్టారు నాకు. నేను అటు తిరగ్గానే గొంతు మార్చి నా మాటే నాలా అని నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ అనుకునేదాన్ని. గడియారంలో ఐదూ పది. ఆరింటికి పిల్ల లేస్తుంది. లేచాక నేను దానికి ఒక మాట చెప్పాలి. నేను చెప్పకపోతే కోడలు చెబుతుంది. రాత్రి ఆ అమ్మాయి అంత ఖచ్చితంగా అన్నాక ఇక తప్పించుకునే దారి లేదు. యాభై నిమిషాలు ఉంది. బకెట్టు సగం కూడా నిండలేదు.

పిల్ల అంటే నా కొడుకు కూతురు. ఎనిమిది నిండాయి. ఒక చోట కుదురుగా కూర్చోదని పిచ్చుక అంటాం. ఇంట్లో ఉన్నవి రెండే గదులు, ఒకదాంట్లో కొడుకూ కోడలూ, ఇంకోదాంట్లో నేనూ పిచ్చుకా, ఇద్దరికీ ఒకటే మంచం. రెండో ఏట నా పక్కలోకి వచ్చింది, ఇప్పటిదాకా ఇంకెక్కడా పడుకోలేదు. నిద్రలో తిరిగి తిరిగి తెల్లారేసరికి దాని కాళ్లు నా పొట్ట మీద ఉంటాయి. మూడు వారాల కిందట, మొదటిసారి, నాకు మెలకువ వచ్చింది దాని కాళ్ల బరువుకే అనుకున్నాను. వెచ్చగా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఆ ఒక్క క్షణం హాయిగానే ఉంది, చలికాలంలో ఎవరో వెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టినట్టు. తర్వాత చల్లబడింది. చల్లబడుతున్నకొద్దీ నాకు తెలుస్తూ వచ్చింది, తెలుస్తున్నది కాదనుకుంటూ కళ్లు మూసుకునే ఉన్నాను. ముప్పై ఒక్క ఏళ్లు ఎవరెవరివో ఉతికాను, పేరు తెలియని వాళ్లవి, ముఖం చూడని వాళ్లవి, అవన్నీ ఇంకెవరివో. ఈలోగా పిచ్చుక లేచి కూర్చుంది. గౌను వెనక తడుముకుంది. కిటికీలోంచి పడుతున్న వీధిదీపం వెలుగులో దాని ముఖం కనిపించింది నాకు. గొంతు బాగా తగ్గించి, నానమ్మా, నేను పక్క తడిపేశాను, అంది. నేను నోరు తెరిచాను. తెరిచినప్పుడు నా నోట్లో నిజమే ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను. పర్లేదులే, అమ్మకి చెప్పను, అన్నాను. అది రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి ముఖం దాచుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో. నేనేదో దానికి పెద్ద ఉపకారం చేసినట్టు. ఆ తడిలోనే చాలాసేపు అలా ఉన్నాం ఇద్దరం, అది నాది కాని పాపానికి నన్ను క్షమించమన్నట్టు, కాదు, దానిది కాని పాపానికి. చూడు, ఇప్పటికీ లోపల మాట తడబడుతోంది.

బకెట్టు నిండింది. కుళాయి కట్టేసి దుప్పటి తిప్పాను. చేతులు ఈ పని మర్చిపోవు, వేళ్లు వంకర తిరిగాయి కానీ పని మర్చిపోలేదు. లాండ్రీలో మేము పది మందిమి రాశుల ముందు నిలబడి బట్టలు వేరు చేసేవాళ్లం. పై వార్డుల నుంచి గోతాల్లో వచ్చేవి. లోపల ఏముందో చూసుకోకుండా చెయ్యి పెడితే ఏది తగులుతుందో తెలియదు, సూదులు కూడా తగిలేవి. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉండేది, ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేనాటికే ఉంది. పక్క మార్చేవాళ్లు తడిసిన దుప్పటి కొసకి ఒక ముడి వేసి పంపాలి. ఒక ముడి అంటే మూత్రం, రెండు ముళ్లంటే నెత్తురు. చూడక్కర్లేదు, కొస వేలికి తగిలితే చాలు, ఏ గంగాళంలోకి వెయ్యాలో చేతికే తెలిసిపోయేది. మేస్త్రి వేళాకోళం ఆడేవాడు, పెద్ద డాక్టరు దుప్పటైనా గేటు కాపలావాడి దుప్పటైనా ముడి ఒకటే, అందరం ఏదో ఒకనాడు ముడిపడాల్సిన వాళ్లమే అని. మేము నవ్వేవాళ్లం. ముప్పై ఏళ్ల వయసులో ఆ నవ్వుకి ఏమీ ఖర్చు లేదు. రోజుకి వంద ముళ్లు విప్పేదాన్ని. ఒక్కో ముడి వెనక ఒక మనిషి ఉంటాడనీ, ఆ మనిషి ఆ రాత్రి నర్సు ముఖం చూడలేక గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడనీ ఒక్కసారి కూడా అనుకోలేదు. ఎక్కడ అనుకుంటాను, చేతినిండా పని.

ఆ మొదటి దుప్పటిని తెల్లారకుండా ఉతికి పెరటి తాడు మీద ఆరేశాను. కోడలు చూసింది. ఆ అమ్మాయి ఇప్పుడు నా పాత చోటులోనే పని చేస్తోంది, అదే లాండ్రీ, అదే రాశుల గది, నేను మానేసిన నెలకి చేరింది. ఉదయం షిఫ్టు, ఏడింటికి. ఆరేసిన దుప్పటి చూసి నా వైపు చూసి, పిచ్చుకా అని అడిగింది. నేను అవుననలేదు. కాదనలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఊరుకుంటే అవునని అర్థం చేసుకుంది, పిల్లని నేను వెనకేసుకొస్తున్నాననుకుంది. మీ గారాబమే అత్తయ్యా, రాత్రి దాన్ని లేపి తీసుకెళ్లొచ్చు కదా, అంది. తప్పకుండా లేపుతానన్నాను. మళ్లీ నాలుగు రోజులకి అయింది. మళ్లీ రెండు రోజులకి. కొన్నిసార్లు నాకు ముందే మెలకువ వచ్చేది, అప్పుడు పిల్లని ఒక పక్కకి దొర్లించి దుప్పటి మార్చేసి ఎవరికీ తెలియకుండా సర్దేశాను. సర్దలేని రోజులు ఐదు. ఐదుసార్లూ ఆ పిల్ల తనే అనుకుంది. కొడుకు రాత్రి బస్సు నడుపుతాడు, పొద్దున ఎనిమిదింటికి వచ్చి తింటూ, ఏమే పిచ్చుకా, రేపటి నుంచి పడవ వేసుకుని పడుకో, మునిగిపోతావు అన్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, నోటికొచ్చింది అనేస్తాడు, మనసులో ఏమీ ఉండదు. పిల్ల కూడా నవ్వింది. ఆ రాత్రి వానకోటు తెచ్చి పక్క మీద పరుచుకుంది. పసుపు రంగు రెయిన్‌కోటు, పోయిన ఏడాదిది, చేతులు పొట్టి అయిపోయాయి. దాని మీద ముడుచుకుని పడుకుంటే తిరిగినప్పుడల్లా కరకర చప్పుడు. ఆ చప్పుడు వింటూ పడుకున్నాను నేను. దాహంగా ఉందా అని అడిగితే లేదనేది. సాయంత్రం అయ్యాక మంచినీళ్లు ముట్టుకోవడం మానేసింది. నేనూ మానేశాను. ఒకే మంచం మీద ఇద్దరం పెదవులు ఎండబెట్టుకుని పడుకున్నాం.

ఇంతవరకు తలుచుకున్నది మౌనం. ఇప్పుడు తలుచుకోబోయేది అబద్ధం. వానకోటు పరుచుకున్న మూడో రోజు పొద్దున, అది లేచి కోటు మీద చెయ్యి వేసి చూసుకుంది. పొడిగా ఉంది. గౌను చూసుకుంది, ఒక పక్క మాత్రం తడి తగిలింది. కోటు అంచు దాటి దుప్పటి నా వైపు తడిసి ఉంది. అది నా ముఖంలోకి చూసి, నానమ్మా, ఇది పొడిగా ఉంది, అంది. అడగలేదు, చెప్పింది అంతే. పిల్లలు అలా చెప్పి ఊరుకుంటారు, మిగతాది పెద్దవాళ్లు చూసుకుంటారని. నేను చూసుకున్నాను. కోటు మీంచి జారిపోయావు తల్లీ నిద్రలో, అందుకే, అన్నాను. ఎంత సులువుగా వచ్చింది. తల్లీ అన్న మాట కూడా దానంతటదే వచ్చింది. పిల్ల కాసేపు కోటు వంక చూసి, అవునేమో అంది. ఆ అవునేమో అన్నప్పుడు దాని కళ్లలో ఏదో ఒకటి వెనక్కి తగ్గింది. తన చేతికి తగిలిన పొడిని తను నమ్మడం మానేసింది. నేను మాన్పించాను.

బకెట్టులో నీళ్లు వంపేశాను, రెండోసారి నింపాలి. పాదాలు చన్నీళ్లకి మొద్దుబారాయి. ఆయన పాదాలు ఇలా ఉండేవి చివరి ఏడాది, తెల్లగా, చల్లగా. మా ఆయన. వడ్రంగి. బల్ల చెక్కితే చేత్తో నిమిరి చూసేవాడు, చెయ్యి ఆగకుండా జారితేనే పని అయినట్టు. పోయే ముందు ఏడాది ఆయనకీ ఇదే మొదలైంది. మొదటి రాత్రి నాకు మెలకువ వచ్చేసరికి ఆయన కూర్చుని ఉన్నాడు, చేతిలో ఖాళీ గ్లాసు. మంచినీళ్లు తాగుతుంటే చెయ్యి జారి ఒలికిపోయాయి, పడుకో నువ్వు, అన్నాడు. ముప్పై ఏళ్లు లాండ్రీలో పని చేసిన దాన్ని నేను. నీళ్లేవో మరేవో నాకు తెలియదా. అయ్యో జాగ్రత్త అని లేచి పక్క మార్చాను. మర్నాడు రాత్రి పడుకునే ముందు నేనే గ్లాసు నింపి ఆయన తల పక్కన పెట్టాను. అప్పట్నుంచి రోజూ పెట్టాను. వారానికి మూడుసార్లు ఒలికేది. కొడుకు చిరాకుపడేవాడు, అంత ఒలుకుతున్నప్పుడు పక్కన ఎందుకు పెట్టడం అని. పెద్దాయనకి రాత్రి దాహం ఎక్కువ అనేదాన్ని. ఏడాది పాటు మేమిద్దరం ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. పోయే ముందు వారం అనుకుంటా, నేను గ్లాసు పెడుతుంటే నా చేతి మీద చెయ్యి వేసి నిమిరాడు, బల్లని నిమిరినట్టు. అంతే. నిన్న రాత్రంతా ఇదే ఆలోచించాను. ఆయన అబద్ధం ఆడాడు, నేనూ ఆడాను. ఆయనది ఒక గ్లాసు మోసింది. గాజు గ్లాసుకి ఏముంది, ఎంత మోస్తే ఏం. నాది పిల్ల చేత మోయించాను. నాకు గ్లాసు పెట్టేవాళ్లెవరూ లేరా అంటే, ఉన్నారు, అడిగితే ఈ కోడలే పెట్టేది. నోరు తెరవాలిగా. పరువు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరన్నారో కానీ చించుకోకపోతే ఎవరి మీద పడుతుందో చెప్పలేదు.

ఐదున్నర దాటింది. బడివాళ్లు పిల్లల్ని సముద్రం చూపించడానికి తీసుకెళ్తున్నారు, రెండు రాత్రులు అక్కడే. ఇవాళ ఏడింటికి బడి ముందు నుంచి బస్సు. రెండు నెలలుగా ఇంట్లో అదే గోల, పుస్తకాల అట్టల మీద చేపలు, గవ్వలు, ఓడలు, అలలు ఆగుతాయా ఆగవా అని వాళ్ల నాన్నని వేధించడం. వారం కిందట గోల ఆగిపోయింది. నా పక్కన పడుకుని చీకట్లో చెప్పింది, అక్కడ అందరూ ఒకే పెద్ద గదిలో వరసగా పడుకోవాలట నానమ్మా, నేను వెళ్లను. నువ్వు అమ్మకి చెప్పు, నాకు కడుపునొప్పి అని. నన్నే అడిగింది. అమ్మకి చెప్పనన్న మనిషిని నేనే కదా. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెబుదామనే అటు తిరిగాను, వానకోటు కరకరలాడింది, పడుకో రేపు చూద్దాం అన్నాను. మర్నాడు కోడలితో కడుపునొప్పి సంగతి చెప్పాను కూడా. నేనే చెప్పాను.

పట్టుబడింది నా చేతుల వల్ల. నాలుగు రోజుల కిందట, మళ్లీ అయింది, పిల్ల లేవలేదు. సగం నిద్రలోనే దుప్పటి లాగి, బాత్రూంలో బకెట్టులో పడేసి, ముందు ఒక్క నిమిషం కూర్చుందామని కుర్చీలో కూలబడ్డాను. మోకాలు అంత నొప్పిగా ఉంది. కూర్చున్నదాన్ని నిద్రపోయాను. కోడలు ఆ రోజెందుకో నాలుగున్నరకే లేచి చీకట్లోనే బాత్రూంలోకి వెళ్లి బకెట్టులో చెయ్యి పెట్టింది. కొసన ముడి చేతికి తగిలింది. ఒక ముడి. నేను ఎప్పుడు వేశానో నాకు తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లు ఇతరులు వేసిన ముళ్లు విప్పిన దాన్ని, వేయడం నా పని కానే కాదు, అయినా నిద్రలో నా చేతులు నా దుప్పటికి తామే ముడి వేసి పంపాయి. ఆ ముడి అర్థం తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఇంకొకరే ఉన్నారు, ఆ మనిషి చేతికే చిక్కింది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. అది పట్టుకుని వచ్చి, కుర్చీలో తడి నైటీతో నన్నూ, మంచం మీద పొడిగా పిల్లనీ చూసి ఉంటుంది. మూడు రోజులు కోడలు నాతో ఏమీ అనలేదు. టీ ఇచ్చింది, బట్టలు మడతపెట్టింది, పనికి వెళ్లొచ్చింది. పిల్లని మాత్రం మాటిమాటికీ దగ్గరకి తీసుకుంటోంది, అది చూసి నాకు ఎందుకో భయం వేసింది.

నిన్న రాత్రి పిల్ల పడుకున్నాక ఇద్దరం వంటింట్లో ఉన్నాం. ఉతికిన బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా, అత్తయ్యా, ఆ ముడి పిల్ల వేసింది కాదు, అంది. దానికి బూట్ల తాళ్లే ఇప్పటికీ నేను కట్టాలి కదా, అని కూడా అంది. నేను ఒక తువ్వాలు తీసుకుని మడత పెట్టాను, విప్పాను, మళ్లీ పెట్టాను. అప్పుడు తల ఎత్తింది. ఆ అమ్మాయి ఎప్పుడూ నా మీద గొంతు పెంచలేదు, నిన్న కూడా పెంచలేదు.

"రెండోసారి అయినప్పుడు దాన్ని కొట్టాను. గుర్తుందా మీకు? నాకు తెలీక కొట్టాను అత్తయ్యా. మీరు తెలిసీ చూస్తూ కూర్చున్నారు."

నాకు గుర్తుంది. వీపు మీద ఒకే ఒక దెబ్బ. పిల్ల ఏడవలేదు, నా వైపు చూసింది, నేను కాపాడతానని. నేను కోడల్ని కేకలేశాను, పిల్లని కొడతావా అని. అందరిలోకీ మంచిదాన్ని అయ్యాను ఆ రోజు. కోడలు చేతిలోని బట్ట మడతపెట్టి పక్కన పెట్టింది. తర్వాత అంది, రేపు ఆరింటికి అది లేస్తుంది, ఏడింటికి బస్సు. మీరు చెబుతానంటే మీరే చెప్పండి. లేకపోతే నేను చెబుతాను. కడుపునొప్పి అని దాన్ని ఇంట్లో కూర్చోబెట్టను. చెబుతానన్నాను. ఆ మాట నా గొంతులోంచి వచ్చిందా అని నాకే అనుమానం వచ్చింది. ఆ అమ్మాయి లేచి బట్టలు తీసుకుని వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి, ఇంతమందివి ఉతికాం, మీవి ఉతకనా నేను, అని వెళ్లిపోయింది. అది తిట్టో ఓదార్పో తెలియలేదు. రెండూ కావచ్చు.

రాత్రి నేను మంచం మీద పడుకోలేదు. కింద చాప మీద దుప్పటి వేసుకున్నాను. నిద్రపోకూడదని కూర్చున్నాను. గడియారం పన్నెండు, ఒంటిగంట, రెండు. మూడుసార్లు లేచి వెళ్లొచ్చాను, మంచం నుంచి బాత్రూంకి పదకొండు అడుగులు, మోకాలు ఏడో అడుగు దగ్గర ఆగుతుంది. మూడున్నరకి కూడా వెళ్లాను. నాలుగింటికి తల గోడకి ఆనించాను, అంతే అనుకున్నాను. నాలుగూ నలభైకి వెచ్చగా తెలిసింది. అన్ని గంటలు కాపలా కాసిన దాన్ని, నలభై నిమిషాలకి దొంగ నా ఒంట్లోంచే బయటికొచ్చాడు. కోపం రాలేదు. ఎవరి మీద వస్తుంది. పిల్ల పైన మంచం మీద వానకోటు మీద వెల్లకిలా పడుకుని ఉంది, నోరు తెరిచి, పొడిగా.

బాత్రూం తలుపు తోసుకుని కోడలు వచ్చింది. నేను చప్పుడు చేయలేదే అనుకున్నాను, తర్వాత అనిపించింది, ఈ అమ్మాయి కూడా నిద్రపోయి ఉండదు. బకెట్టు చూసింది. నా తడిసిన నైటీ చూసింది. దుప్పటి ఒక కొస తీసుకుంది. లాండ్రీలో దుప్పట్లు ఒంటిచేత్తో పిండరు, ఇద్దరు చెరో కొస పట్టుకుని ఒకరు కుడికి ఒకరు ఎడమకి తిప్పాలి. పనిలో చేరే ముందు ఈ అమ్మాయికి నేనే నేర్పాను. తిప్పాం. దుప్పటి తాడులా మెలిపడి మా ఇద్దరి మధ్యా నిలబడింది, నీళ్లు ధారగా కారాయి. పిండుతూనే చెప్పింది, నిన్న వార్డు నర్సుని అడిగిందట, పేరు చెప్పకుండా. కాళ్ల వాపుకి ఇచ్చిన, ఒంట్లో నీరు లాగేసే మాత్ర ఎప్పుడు వేసుకుంటారని అడిగిందట నర్సు. పొద్దున వేసుకోమన్న మాత్రని నేను రాత్రికి మార్చుకున్నాను, పగలు బజారుకి వెళ్తే మధ్యలో బాత్రూంకి వెళ్లాల్సి వస్తోందని. అది ఎవరితోనూ చెప్పలేదు, డబ్బాలో మాత్రలు చూసి కోడలే కనుక్కుంది. నీళ్లు పూర్తిగా మానేయడం కూడా తప్పేనట. వయసు కదా అని వదిలేయక్కర్లేదట, డాక్టరుకి చూపించుకుంటే తగ్గేదే కావచ్చట. బుధవారం సెలవు పెడతాను, వెళ్దాం, అంది. నేను తల ఊపాను. ఇంత చిన్న సంగతి. ఒక మాత్ర, ఒక బుధవారం. మూడు వారాల కిందట ఈ అమ్మాయితో రెండు మాటలు అని ఉంటే సరిపోయేది. ఆరయింది అంది కోడలు. దుప్పటి నా చేతుల్లోంచి తీసుకుంది.

గదిలోకి వెళ్లాను. పిల్ల అప్పటికే లేచి కూర్చుని ఉంది, వానకోటు మీద చెయ్యి వేసి చూసుకుంటోంది. రోజూ లేవగానే అదే మొదటి పని ఇప్పుడు. పొడి నైటీ మార్చుకుని వచ్చి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. మార్చుకోలేదు. ఇలాగే నిలబడాలి. మంచం అంచున కూర్చుంటే మంచం తడుస్తుందని కింద చాప మీద కూర్చున్నాను, ఇప్పుడు అది పైన, నేను కింద. నన్ను చూసి, కడుపునొప్పి అని చెప్పావా అమ్మకి, అంది. ఎన్ని రకాలుగా అనుకున్నాను రాత్రంతా, ఎలా మొదలుపెట్టాలి, ముసలితనం గురించి చెప్పాలా, మాత్ర గురించి చెప్పాలా, తాతయ్య గురించి చెప్పాలా. ఏవీ రాలేదు. వచ్చినా అవన్నీ నా పక్షాన సాక్షులే.

"పక్క తడిపింది నువ్వు కాదు పిచ్చుకా. మొదటి రోజు నుంచీ నేనే. ఒక్కసారి కూడా నువ్వు కాదు."

అది నా ముఖంలోకి చూసింది. తర్వాత నా నైటీ వైపు చూసింది, తడి ఎక్కడిదాకా ఉందో అంతా చూసింది. నేను కప్పుకోలేదు. వంటింట్లో కోడలు గిన్నె పెట్టిన చప్పుడు, తర్వాత ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఇది పొడిగా ఉందని చెప్పాను కదా నీకు."

"చెప్పావు."

"జారిపోయానన్నావు."

"అన్నాను."

"ఎందుకు?"

ఎనిమిదేళ్ల పిల్ల అడిగిన ఎందుకుకి పెద్దవాళ్ల దగ్గర ఎప్పుడూ పొడుగాటి జవాబులు ఉంటాయి. నా దగ్గర ఒక్కటే మిగిలింది. సిగ్గేసింది, అన్నాను.

"నాకూ సిగ్గేసింది."

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. తన దగ్గరున్న విషయం ఒకటి నాకు తెలియకపోతే తెలియజేసినట్టు అంది. నేను చెయ్యి చాపాను, దాని కాలి మీద వేద్దామని. కాలు వెనక్కి తీసుకుంది. విసురుగా లాగేసుకుంటే బాగుండు అనిపించింది, అలా తీసుకోలేదు, నెమ్మదిగా, ఎవరిదో వస్తువు తగలకుండా జరిపినట్టు తీసుకుంది. తర్వాత మంచం అవతలి వైపు నుంచి దిగి, నన్ను చుట్టుకుని వెళ్లి, బీరువా తెరిచింది. సంచీ తీసింది. బట్టలు తనే పెట్టుకోవడం మొదలుపెట్టింది, నేను రోజూ మడతపెట్టే పద్ధతిలో కాదు, చుట్టచుట్టి కూరుతోంది. రెండు గౌన్లు, తువ్వాలు, చేపలు గీసిన పుస్తకం. పెన్సిళ్లు లెక్కపెట్టి ఒకటి తక్కువైతే మంచం కింద వంగి వెతుక్కుంది. నేను అక్కడే కూర్చుని చూశాను. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే అది ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. పిల్లలు అడిగితే సరే అంటారు, పాపం, వాళ్లకి ఇంకో మాట తెలియదు. ఇప్పటికే దాని చేత ఒకసారి అవునేమో అనిపించాను. మళ్లీ ఒకటి అనిపించదలుచుకోలేదు.

ఆరూ నలభైకి తయారైపోయింది. కోడలు దాని జుట్టు దువ్వి, చేతిలో రొట్టె పొట్లం పెట్టింది. ఇద్దరూ కలిసే వెళ్తారు, బడి దగ్గర దిగబెట్టి ఆ అమ్మాయి అటునుంచి అటే పనికి. నేను నైటీ మార్చుకుని వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను, కనిపించేంత దగ్గరగా, అడ్డం రానంత దూరంగా. కోడలు తలుపు దగ్గర ఆగి, నానమ్మకి చెప్పి రావే, అంది. నేను కోడలి వైపు చూసి తల అడ్డంగా ఊపాను. వద్దు, చెప్పించకు. కోడలికి అర్థమైంది, ఊరుకుంది. పిల్ల బూట్ల వైపు చూస్తూ నిలబడింది కాసేపు. ఏదైనా అంటుందేమోనని కాదు, నిజంగా కాదు, అయినా నేను గుమ్మం వదల్లేదు. సంచీ భుజాన సర్దుకుంది. తలుపు తీసుకుని బయటికి వెళ్లింది. ఈ మెట్లు అది ఎప్పుడూ రెండేసి చొప్పున దూకుతుంది, కింది వాటావాళ్లు ఎన్నిసార్లు గొడవపడ్డారో. ఇవాళ ఒక్కో మెట్టూ దిగుతోంది, గోడకి చెయ్యి ఆనించి, వయసొచ్చిన వాళ్లు దిగినట్టు. చివరి మెట్టు దాకా విన్నాను.